మీ రాశికి ఏ లెక్క మేలు: సాయనమా, నిరయణమా, ఆకాశంలో కనిపించేదా?

డిసెంబరు 5న పుట్టినవాళ్లది ఏ సూర్యరాశి? ఇంగ్లిష్ పత్రికల వారఫలాల్లో చూస్తే ధనుస్సు, ఇది సాయన లెక్క. మన పంచాంగం వాడే నిరయణ లెక్క ప్రకారం ఆ రోజు సూర్యుడు వృశ్చికంలో ఉంటాడు. ఖగోళ శాస్త్రజ్ఞుల పటం తెరిస్తే ఈ రెండూ కాదు, పన్నెండు రాశుల్లోనే లేని సర్పధరుడి మండలంలో ఉంటాడు. ముగ్గురూ చూసేది ఒకే సూర్యుణ్ని, గీతలు గీసుకున్న తీరే వేరు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మన ఇళ్లలో ‘నీదే రాశి’ అని అడిగేది పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి గురించి. ఉగాదినాడు ఆదాయం, వ్యయం చూసుకునేదీ దాన్నిబట్టే. చంద్రుడు ఒక్కో రాశిలో రెండుంపావు రోజులే ఉంటాడు కాబట్టి, పుట్టిన తేదీని మాత్రమే చూసి చెప్పే సూర్యరాశితో దాన్ని కలపకూడదు. ఇక్కడ నేను మాట్లాడేదంతా సూర్యుడి గురించే.

ముందుగా ఆకాశం. ఏడాది పొడవునా సూర్యుడు నడుస్తున్నట్టు కనిపించే దారిని క్రాంతివృత్తం అంటారు. నక్షత్ర మండలాలు మొత్తం 88. వాటికి అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒప్పుకున్న కచ్చితమైన సరిహద్దులు 1930లో అచ్చయ్యాయి. సూర్యుడి దారి వాటిలో 13 మండలాల గుండా పోతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక మేడ ఎక్కి దక్షిణం వైపు చూడండి. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ, దాని కింద వంకీ తిరిగిన తోక. అది తేలు అని ఎవరూ చెప్పక్కర్లేదు. సూర్యుడి దారి ఆ తేలు పైభాగాన్ని మాత్రం తాకి సర్పధరుడిలోకి వెళ్లిపోతుంది. అందుకే సూర్యుడు అసలు వృశ్చిక మండలంలో ఉండేది వారం రోజులే, కన్యలో మాత్రం నెలన్నర. చుక్కల్ని గుర్తుపట్టడానికి ఈ పటాన్ని మించింది లేదు. నెలలు లెక్కపెట్టడానికి మాత్రం పనికిరాదు. నాసా పదమూడో రాశి కలిపేసిందని 2016లో చాలామంది టెన్షన్ పడ్డారు. తామేమీ మార్చలేదని, రాశులు జ్యోతిషానికి సంబంధించినవని నాసాయే వివరణ ఇచ్చుకుంది.

అసలు పోటీ సాయన, నిరయణ పద్ధతుల మధ్యే. రెండూ వృత్తాన్ని 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమభాగాలు చేస్తాయి. తేడా అంతా మేషం ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే. మార్చి 20, 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడున్న చోటు సాయనానికి మొదలు. నిరయణం చుక్కల్ని పట్టుకుంటుంది. మన దేశంలో ఎక్కువగా వాడే లాహిరి లెక్కలో చిత్త నక్షత్రానికి సరిగ్గా ఎదుటి బిందువు దానికి మొదలు. భూమి అక్షం మెల్లగా తిరుగుతుండటంతో ఈ రెండు మొదళ్లూ 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున దూరమవుతాయి. క్రీ.శ. 285 ప్రాంతంలో ఒకేచోట ఉన్న వాటి మధ్య ఇప్పుడు 24 డిగ్రీల ఎడం ఉంది. అందుకే సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది, అంటే సాయన మకరంలోకి వచ్చేది, డిసెంబరు 21, 22 తేదీల్లో. నిరయణ లెక్కన వచ్చే మన మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో. సంక్రాంతి తేదీ కూడా ఒకచోట నిలవదు. వివేకానందుడు 1863లో సంక్రాంతి రోజున పుట్టాడు, ఆ ఏడు అది జనవరి 12.

పండక్కి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. రైతుకు అలా కాదు. మన కార్తెలన్నీ నిరయణ లెక్కే: సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, మృగశిర రాగానే చినుకు కోసం చూస్తాం. ఇప్పుడు మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తోంది, రుతుపవనాలకూ అదే అదను కాబట్టి సామెతలు నప్పుతున్నాయి. ప్రాచీన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడి కాలంలో, అంటే ఆరో శతాబ్దంలో, ఇదే కార్తె ఇప్పటి తేదీల్లో చెప్పాలంటే మే మూడో వారానికే వచ్చేది. ఇంకో రెండు వేల ఏళ్లకు జూలైకి జరుగుతుంది. చుక్కలు జరుగుతాయి, వాన జరగదు. కాబట్టి రుతువుల విషయంలో నా ఓటు సాయనానికే.

ఇలా అనడం సంప్రదాయాన్ని కాదనడం కాదు. తన గ్రంథం బృహత్సంహితలో వరాహమిహిరుడు ఈ ముక్కే చెప్పాడు. పూర్వశాస్త్రాల్లో దక్షిణాయనం ఆశ్లేష మధ్యలో మొదలవుతుందని ఉందనీ, ఇప్పుడు కర్కాటకం మొదట్లో మొదలవుతోందనీ, ఈ మార్పును కళ్లారా పరీక్షించి తెలుసుకోవాలనీ రాశాడు. పాత పుస్తకం కంటే ఆకాశానికే పెద్దపీట వేసిన ఆయనంటే నాకు ఎనలేని గౌరవం. 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ కమిటీ కూడా రెండింటికీ చోటిచ్చింది. 1957 నుంచి అమల్లో ఉన్న జాతీయ శక క్యాలెండర్ రుతువులకు కట్టుబడింది, పంచాంగాలకేమో చిత్తను ఆధారం చేసుకున్న అయనాంశ (ఆ రెండు మొదళ్ల మధ్య ఎడం) ఖాయమైంది.

పండగలకూ ముహూర్తాలకూ మీ ఇంట్లో వాడే పంచాంగం నిరయణమే కాబట్టి దాన్నే వాడండి. చిత్త, జ్యేష్ఠ, కృత్తిక లాంటి చుక్కలతో దాని బంధం ఇంకా చెక్కుచెదరలేదు, ఆ విషయంలో అది సాయనం కంటే మేలు. అయితే పంచాంగంలో ఒక రాశి, ఇంగ్లిష్ వారఫలాల్లో ఇంకో రాశి చూసి రెండూ మనవే అనుకోవద్దు.

ఇక జాతకం ఏ లెక్కలో వేస్తే నిజమవుతుంది? మహారాష్ట్రలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం చేసిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. చదువులో చురుకైన పిల్లలవి వంద, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలవి వంద జాతకాలు తీసుకుని, వాటిలోంచి తలా 40 ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జ్యోతిష్కులు జవాబులు పంపారు. సరిగ్గా చెప్పినవి 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోతాయి. రాశులు కుదరలేదన్న ఒక్క మాటతో మంచి సంబంధాలు వదులుకుంటున్న ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఆ ఒక్క చోట మాత్రం ఈ మూడు లెక్కల్లో దేన్నీ పట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.