జేమ్సనైటా, బూలాంజరైటా: ఏది కొనాలి?

ఈ మధ్య రాళ్ళ పిచ్చి ఉన్న మనవాళ్ళు ఎవరు కలిసినా ఇదే ప్రశ్న. "అన్నా, బూడిద రంగు వెంట్రుకల్లాగా ఉంటుంది చూడు, ఆ సీసం సల్ఫోసాల్ట్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, జేమ్సనైట్ తీసుకోనా, బూలాంజరైట్ తీసుకోనా?" ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. పైగా పోయిన నెల నేనే ఈ రెండిటి మధ్యా వారం రోజులు కొట్టుకుని చివరికి ఒకటి తెచ్చుకున్నా, కాబట్టి ఆ వేడిలోనే రాసేస్తున్నా. సల్ఫోసాల్ట్ అంటే ఏంటో మళ్ళీ మొదట్నుంచి చెప్పను, సీసం, ఆంటిమొనీ (వెండిలా మెరిసే పెళుసు మూలకం), గంధకం కలిసిన ఖనిజం అని గుర్తుంటే ఇక్కడికి చాలు.

ముందు ఈ తికమక ఎందుకొస్తుందో చూడండి. రెండూ సీసంలాంటి బూడిద రంగే, రెండిటిదీ లోహపు మెరుపే, ఖనిజాల గట్టిదనం కొలిచే ఒకటి నుంచి పది దాకా ఉన్న మోస్ స్కేలు మీద ఇంచుమించు రెండున్నర, అంటే గోటికి గీత పడీ పడనట్టు ఉంటాయి. పుట్టిల్లు కూడా ఒకటే. వేడి నీళ్ళు రాతి పగుళ్ళలోంచి పారి చల్లబడుతూ వదిలేసిన సిరల్లో గెలీనా (సీసం ఖనిజం), స్ఫాలరైట్ (జింకు ఖనిజం), పైరైట్ (ఇనుము, గంధకం కలిసినది), క్వార్ట్జ్ పక్కన కూర్చుంటాయి, ఒక్కోసారి ఒకే రాతి మీద రెండూ ఉంటాయి. పాత రోజుల్లో అయితే విడదీసే గొడవే లేకుండా ఈ వెంట్రుకల సరుకు మొత్తానికీ కలిపి ఈక ఖనిజం అని పేరు పెట్టి ఊరుకున్నారు. ప్లూమోసైట్ అని పాత లేబుల్ కనిపిస్తే అదీ ఈ బాపతే, చాలావాటిని తర్వాత పరీక్ష చేస్తే బూలాంజరైట్ అని తేలింది.

కెమిస్ట్రీలో తేడా ఇనుము దగ్గరుంది. జేమ్సనైట్‌లో 4 సీసం, 6 ఆంటిమొనీ, 14 గంధకం, వాటి మధ్యలో ఒకే ఒక్క ఇనుము పరమాణువు, బరువులో చూస్తే 3 శాతం కూడా రాదు. బూలాంజరైట్‌లో 5 సీసం, 4 ఆంటిమొనీ, 11 గంధకం, ఇనుము అసలు అక్కర్లేదు. లెక్క వేస్తే జేమ్సనైట్‌లో సీసం 40 శాతం, బూలాంజరైట్‌లో 55 శాతం వస్తుంది, అందుకే సాంద్రత కూడా అక్కడ 5.6 అయితే ఇక్కడ 6 దాటుతుంది. కానీ ఈ అంకె మనకి ఇంట్లో పనికిరాదండీ, దూదిపింజలా ఉన్నదాన్ని నీళ్ళలో ముంచి తూకం వేస్తే ఇంక ఆ ముక్క ముక్కలా ఉండదు.

ఇప్పుడు నా దృష్టిలో అసలు తేల్చే విషయం. వంగుతుందా, విరుగుతుందా? అంతే. బూలాంజరైట్ సన్నటి పోగు ఒకటి తీసి పిన్నుతో మెల్లిగా నెడితే వంగుతుంది, జేమ్సనైట్ పోగుని అలాగే నెడితే చాక్‌పీస్‌లాగా పుటుక్కున విరుగుతుంది. ఇది గాలివాటం చిట్కా కాదు, లోపల కారణం ఉంది. ఈ ఖనిజాల్లో ఆంటిమొనీ మూడు గంధకాలని పట్టుకుని చిన్న పిరమిడ్‌లా ఉంటుంది, ఆ పిరమిడ్లూ సీసం పరమాణువులూ కలిసి కడ్డీల్లాగా ఒకే దిక్కుకి పేర్చుకుంటాయి, సూది పెరిగేది ఆ దిక్కుకే, అందుకే రెండూ సూదులే. తేడా ఎక్కడంటే, జేమ్సనైట్‌కి బలహీనమైన తలం సూదికి అడ్డంగా ఉంటుంది, బూలాంజరైట్‌కి నిలువుగా ఉంటుంది. వెదురుని నిలువునా చీలిస్తే బద్దలొస్తాయి, ఎంత సన్నగా చీలిస్తే అంత బాగా వంగుతాయి, మేదరివాళ్ళు బుట్టలల్లేది వాటితోనే కదా, బూలాంజరైట్ కథ అది. అదే వెదురుకి అంగుళానికో చోట అడ్డంగా రంపపు గాటు పెట్టుకుంటూ పోయారనుకోండి, వంచగానే గాటు దగ్గర విరిగిపోతుంది, జేమ్సనైట్ ఆ బాపతు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఇది తిరగేసి చెప్తారు. పోగు వంగితే అది జేమ్సనైట్ కాదు అని మాత్రమే తేలుతుంది, బూలాంజరైటే అని తేలదు, ఎందుకంటే వంగే వెంట్రుకలు ఈ కుటుంబంలో వేరేవి కూడా ఉన్నాయి. అప్పుడు ఏ గనిలోది, పక్కన ఏమున్నాయి అని చూసుకోవాలి. లావుపాటి స్ఫటికాలకి ఈ పరీక్ష పెట్టకండి, లావుగా ఉంటే బూలాంజరైట్ కూడా విరుగుతుంది, తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు.

నా అనుభవం చెప్తా. రెండేళ్ళ కింద జేమ్సనైట్ అని లేబుల్ ఉన్న ముక్క ఒకటి కొన్నా, ఇంటికొచ్చాక డబ్బా అడుగున రాలిన పోగు తీసి వంచితే గుండ్రంగా రింగులా తిరిగింది. అమ్మినాయన్ని అడిగితే "ఈడీఎస్ చేయించాం సార్" అని గ్రాఫ్ పంపాడు. ఈడీఎస్ అంటే ముక్క నుంచి వచ్చే ఎక్స్‌రేలని బట్టి అందులో ఏ మూలకాలున్నాయో చెప్పే పరీక్ష, ఒక్కో మూలకానికీ గ్రాఫ్‌లో ఒక్కో చోట గీత లేస్తుంది. ఈడీఎస్‌తో ఉన్న చిక్కేంటంటే సీసం గీత, గంధకం గీత రెండూ 2.3 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలత) దగ్గర ఒకదాని మీద ఒకటి పడతాయి, కాబట్టి మామూలుగా తీసిన గ్రాఫ్‌లో సీసం ఎంతో గంధకం ఎంతో గట్టిగా చెప్పలేం, శాతాలని నమ్ముకుని పేరు పెట్టేస్తే ఇంతే సంగతులు. చూడాల్సింది 6.4 దగ్గర ఒంటరిగా నిలబడే ఇనుము గీత. అది లేకపోతే జేమ్సనైట్ మాట మర్చిపోవచ్చు. ఉన్నా కూడా పక్కన పైరైట్ ఉందేమో చూసుకోవాలి, దాని పొడి కాస్త అంటుకుని ఉన్నా ఇనుము కనిపిస్తుంది. నా గ్రాఫ్‌లో ఇనుము ఊసే లేదు. ఒక్క పిన్నుతో తేలే విషయానికి ఆయన మెషీన్ దాకా వెళ్ళాడు, వెళ్ళి కూడా తప్పు పేరు తెచ్చాడు.

అలాగని జేమ్సనైట్‌ని తీసిపారెయ్యను. 1825లో హైడింగర్ అనే ఖనిజ శాస్త్రవేత్త పెట్టిన పేరు అది, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ముక్కలు చూసి ఎడిన్‌బరో ప్రొఫెసర్ రాబర్ట్ జేమ్సన్ పేరు మీద పెట్టాడు (ఆ జేమ్సన్ గారి క్లాసులకి డార్విన్ వెళ్ళి బోర్ కొట్టి చచ్చాడట, అది వేరే కథ). చైనాలో గ్వాంగ్‌షీ రాష్ట్రం దాచాంగ్‌లో అయితే ఇది అలంకారం ముక్క కాదు, ఆంటిమొనీ కోసం, సీసం కోసం తవ్వే ఖనిజం. ఇంక రుమేనియాలోని హెర్జా గనిది నల్ల కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) వస్తుంది, మామూలుగా తెల్లగా ఉండాల్సిన కాల్సైట్ లోపల ఈ సూదులు ఇరుక్కుని బొగ్గు రంగుకి తిరుగుతుంది. దుమ్ము పట్టదు, చెయ్యి తగిలినా రాలదు, షెల్ఫ్‌లో పెట్టుకోడానికి దానంత హాయి ఏదీ లేదు. కాకపోతే లోపల ఇరుక్కున్నదాన్ని వంచి చూడలేం కదా, అందుకే అదే ముక్కని ఒకరు జేమ్సనైట్ అనీ, ఇంకొకరు బూలాంజరైట్ అనీ అమ్ముతుంటారు. నాకు అక్కడే మనసు విరుగుతుంది, డబ్బు పెట్టి కొన్నదాని పేరు నా చేత్తో నేను చూసుకోవాలి.

బూలాంజరైట్ పేరు 1837లో వచ్చింది, ఫ్రెంచ్ గనుల ఇంజినీర్ షార్ల్ బూలాంజే పేరు మీద. బూలాంజే అంటే ఫ్రెంచ్‌లో రొట్టెలు కాల్చేవాడు, నాకైతే పేరు వినగానే బేకరీ గుర్తొస్తుంది. మొదటి చోటు ఫ్రాన్స్‌లోనే మొలియేర్, కానీ కొనేవాళ్ళు చూడాల్సింది కొసావోలోని ట్రెప్చా ముక్కలు, క్వార్ట్జ్ మీద నెరిసిన జుట్టు పరిచినట్టుంటుంది. చెక్ దేశంలోని ప్రీబ్రామ్‌వి, మెక్సికోలో జకటెకస్‌వి కూడా వస్తుంటాయి. నేను తెచ్చుకున్నది ట్రెప్చాదే, మహారాష్ట్ర జలగావ్‌లో దొరికే అపోఫిలైట్ అనే స్ఫటికాలు రెండు ఇచ్చి మార్చుకున్నా. మన అపోఫిలైట్లకి బయట అంత గిరాకీ ఉంది, అసలు డబ్బు పెట్టకముందు మార్పిడి అడిగి చూడండి.

మిగతావి త్వరగా. జింకెనైట్: జర్మనీలో హార్జ్ కొండల వోల్ఫ్స్‌బర్గ్‌ది, బొలీవియాలో కూడా ఉంది, ఫొటోలో పై రెండిటికీ దీనికీ తేడా కనిపించదు, కొత్తవాళ్ళకి వద్దు. బోర్నొనైట్: ఇందులో రాగి కూడా ఉంటుంది, జంట స్ఫటికాలు కలిసి పళ్ళ చక్రంలా వస్తాయి, బాగుంటుంది కానీ మీరడిగింది వెంట్రుకలు కదా. రాబిన్సనైట్: జేమ్సనైట్‌లోంచి ఒక ఇనుము, ఒక గంధకం తీసేస్తే మిగిలే లెక్క, అరుదు, ధర అడక్కండి. ఒవైహీఐట్: వెండి ఉన్న రకం, మన దేశంలో రాజస్థాన్ రాజ్‌పురా దరీబాలో రికార్డ్ అయింది, కానీ పాలిష్ చేసిన ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసే వ్యవహారం, షెల్ఫ్ సరుకు కాదు. పల్నాడు వైపు బండ్లమొట్టులో దొరుకుతుందా అని ఒకరిద్దరు అడిగారు, అక్కడ సీసం తవ్విన మాట నిజమే, కానీ ఆ గని పేరు గెలీనాది.

బూలాంజరైట్‌కి ఉన్న పెద్ద మైనస్ దుమ్ము. ఒకసారి పట్టిందా, ఊదితే పోగులు లేస్తాయి, కడిగితే ఒకదానికొకటి అంటుకుని తడిసిన పిల్లిలా అవుతుంది, శబ్ద కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తే అసలుకే మోసం. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలింగ్ ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, సగానికి పైగా సీసమే అది, పిల్లలకి అందనివ్వకండి.

కొనేముందు అమ్మేవాడిని ఫొటోలు ఇంకో పది అడగడం మానేసి, డబ్బాలో రాలిన పోగు ఒకటి పిన్నుతో వంచుతూ పది సెకన్ల వీడియో తీసి పంపమనండి. నాకు ట్రెప్చా ముక్క ఇచ్చినాయన అడగ్గానే పంపాడు. అంతకుముందు అడిగిన ఇంకొకాయన మాత్రం ఇవాళ్టిదాకా ఆ మెసేజ్ చూసి ఊరుకున్నాడు.