వచ్చిపోయే చెక్ ఇంజిన్ లైట్: స్కానర్ కొనాలా, షెడ్‌కు పోవాలా?

కోరాపుట్, రాయగడ, పర్లాకిమిడి వైపు పాత పెట్రోలు కారున్న మనవాళ్లకు ఈ టెన్షన్ కొత్త కాదు. సాలూరు ఘాట్ ఎక్కుతుంటే పసుపు లైటు వెలుగుతుంది. వీలు చూసుకుని విశాఖలో సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లేసరికి ఆరిపోయి ఉంటుంది. ముందు ఎక్కడికి వెళ్లాలి? ఊళ్లో మెకానిక్ షెడ్‌కా, కంపెనీ సెంటర్‌కా? నన్నడిగితే, ఆ రెంటికన్నా ముందు ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ కొనుక్కోండి. స్టీరింగ్ కింది సాకెట్‌లో పెడితే ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్‌లను అది ఫోన్‌లో చూపిస్తుంది.

కారణం ఉంది. చాలా లోపాలు వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది. ఆ తర్వాత వరసగా మూడు ప్రయాణాల్లో కనబడకపోతే ఆరిపోతుంది. కోడ్ మాత్రం వెంటనే చెరిగిపోదు; ఇంజిన్ సుమారు 40 సార్లు వేడెక్కి చల్లారే దాకా కంప్యూటర్‌లో ఉంటుంది. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డు కూడా ఉంటుంది. లోపం పడిన క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్నీ అందులో ఉంటాయి. వచ్చిపోయే లోపానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

పీ0171 కోడ్‌నే తీసుకోండి. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని దానర్థం. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు పడితే, ముందు ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) వైపు పగిలిన గొట్టం కోసం వెతకాలి. ఘాట్‌లో ఫుల్ లోడు మీద పడితే ఫ్యూయల్ పంపునో, ఫిల్టర్‌నో అనుమానించాలి. ఈ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) మార్చేద్దామని ఎవరన్నా అంటే వెంటనే ఒప్పుకోకండి. తేడా ఉందని చెప్పింది ఆ సెన్సరే కావచ్చు.

అలాగని షెడ్‌ను తక్కువ చేయను. వదులైన కనెక్టర్, ఎలుక కొరికిన తీగ, వానాకాలం తేమకు స్పార్క్ లీకవుతున్న కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది) రబ్బరు లాంటివి పట్టాలంటే అనుభవమున్న చెయ్యి కావాలి. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదని. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉన్న బండి అయితే, ఒకటో కాయిల్‌ను మూడోదానితో మార్చి నడపమనండి. కోడ్ పీ0303గా మారితే కాయిలే పోయింది. కొత్త పార్టు కొనకుండానే తేలిపోతుంది. ఒక్కటే షరతు: బ్యాటరీ తీగ పీకి లైటు ఆర్పనివ్వొద్దు. చాలా కార్లలో దాంతో ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ముందే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

కంపెనీ సెంటర్‌కు వెళ్లాల్సిన సందర్భాలు తక్కువే. ఆ కంపెనీకే ప్రత్యేకమైన కోడ్ పడినా, వైరింగ్ డయాగ్రమ్ చూస్తే తప్ప తేలకపోయినా అక్కడికే వెళ్లాలి. బాగా పాత బండికి, అంటే 2013కు ముందుదానికి, మామూలు స్కానర్ కనెక్ట్ కాకపోవచ్చు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్నా అంతే. కొనేముందు తెలిసినవాళ్ల స్కానర్ పెట్టి చూడండి. కనెక్ట్ కాకపోతే ఆ బండికి మొదటి మెట్టు సెంటరే.

ఇదంతా వెలిగినప్పుడు మెరవకుండా నిలకడగా ఉండే లైటు సంగతి. వెంటవెంటనే వెలుగుతూ ఆరుతూ మెరుస్తుంటే, ఇంజిన్ కుదుపుతుంటే వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, ఘాట్‌లో వెడల్పు చోటు చూసి ఆపేయండి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే భాగం) వెళ్లి మండితే అది కాలిపోతుంది. అప్పుడు స్కానర్ సంగతి ఆలోచించకుండా బండిని టో చేయించడమే మేలు.