పోలో ముందు చక్రాలకు వెడల్పు టైర్లు: ఐదేళ్లు తిరిగాక

నా బండి 2014 వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు, 105 పీఎస్ పవరు, ఏడు గేర్ల డీఎస్‌జీ (దానంతటదే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్). కంపెనీ నుంచి వచ్చిన టైర్ల సైజు 185/60 ఆర్15. అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 15 అంగుళాలు. 2020 ఫిబ్రవరిలో ముందు రెండు చక్రాలకు మాత్రం 195/60 ఆర్15 వేయించి, వెనక పాతవే ఉంచాను. ఇరవై ఒక్క నెలలు అలాగే తిరిగాను. ఇప్పుడు నాలుగు చక్రాలకూ 195 ఉన్నాయి. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లంతా సెకండ్ హ్యాండ్‌లోనే కొంటున్నారు. కొన్న వారానికే టైర్ల షాపుకి బయల్దేరుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నా.

నాది సివిల్ కాంట్రాక్టు పని. ఇల్లు కడపలో, ఒక సైటు ప్రొద్దుటూరులో, ఇంకోటి రాయచోటిలో. ఈ ఇంజను 1500 ఆర్‌పీఎం దగ్గరే 175 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, వదుల్తుంది. అదంతా ముందు చక్రాల మీదే పడుతుంది. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర కాలు కాస్త గట్టిగా పెడితే చాలు, టైర్లు కీచుమని అరిచేవి. పక్క ఆటోవాళ్లు తిరిగి చూసి ఎవడో కుర్రాడనుకునేవాళ్లు. నాకు అప్పటికే నలభై దాటాయి. ఎర్రగుంట్ల వైపు రోడ్డు మీద నాపరాయి పొడి తెల్లగా పరుచుకుని ఉండే చోట్లయితే చక్రం ఉన్నచోటే తిరిగేది.

ముందు టైర్లు అరిగిపోయి షాపుకెళితే అక్కడి పెద్దమనిషి తేల్చిపారేశాడు: "సార్, ఈ బండిలో లాగేది ముందు చక్రాలే. వెనకవి ఊరికే దొర్లుతాయి. వెడల్పువి ముందుకేసుకోండి చాలు. నాలుగూ మార్చేదానికి దుడ్లు ఊరికే వస్తాయా?" మాట బాగానే ఉందనిపించింది. 195/60 ఫియట్ లీనియా, పుంటో కార్లకు వచ్చిన సైజు, ఎక్కడైనా దొరుకుతుంది. రిమ్ములు మార్చాల్సిన పని లేదు. ఒక్కో టైరుకు ఏడెనిమిది వందలు ఎక్కువైంది.

మొదటి నెలంతా సంబరమే. సిగ్నల్ దగ్గర అరుపు బాగా తగ్గింది. పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా వేసినా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) త్వరగా గిలకొట్టడం లేదు. వంపులో స్టీరింగ్ తిప్పితే ముక్కు చెప్పినమాట వింటోంది. నాపరాయి పొడి మీద మాత్రం ఏ తేడా లేదు, అక్కడ 195 అయినా జారుడే.

అప్పట్లో ఒక ఆదివారం బండి కడిగాక ఒక సంగతి గమనించాను. ఇంటి ముందు నాపరాళ్లు పరిచి ఉన్నాయి. తడి చక్రాలతో బండిని నాలుగడుగులు ముందుకి, వెనక్కి జరిపితే ముందు చక్రం అచ్చు, వెనక చక్రం అచ్చు పక్కపక్కన పడ్డాయి. సైటు నుంచి తెచ్చిన టేపు జేబులోనే ఉంది. కొలిస్తే రెండింటికీ తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. చిటికెన వేలంత కూడా లేదు! ఇంత చిన్న తేడాతోనే అంత మార్పు వచ్చిందా అని అనుమానం వచ్చింది. నిజానికి చక్రం మీద పడే బరువు మారలేదు, గాలి కూడా అదే 33 పీఎస్ఐ. అలాంటప్పుడు నేలకు ఆనే రబ్బరు మొత్తం పెద్దగా పెరగదు. ఆ ముక్క ఆకారం మారుతుంది, అడ్డంగా కాస్త వెడల్పై, పొడవు కాస్త తగ్గుతుంది. వంపులో పట్టుకి అది కొంత పనికొస్తుంది. మిగతా పట్టంతా వెడల్పుది కాదు, కొత్త రబ్బరుది. అరిగిపోయిన టైరు తీసి కొత్త 185 వేసినా నేను ఇంతే సంబరపడేవాణ్ణేమో.

ఇక ఇబ్బందులు. 185/60తో చక్రం మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లు, 195/60తో 615. అంటే ముందు చక్రం వెనకదానికంటే పన్నెండు మిల్లీమీటర్లు పెద్దది. నలుగురు కూర్చుని, స్టీరింగ్ మొత్తం తిప్పి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే లోపల జర్రుమని శబ్దం. చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగు మీద వేలు పెట్టి చూస్తే నున్నగా నల్లటి గీత పడి ఉంది. పార్కింగులో స్టీరింగ్ కొద్దిగా బరువెక్కింది. లారీలు తిరిగి తిరిగి గాళ్లు పడ్డ రోడ్డు మీద బండి ఆ గాడిలోకి లాగుతుంది, చెయ్యి వదలడానికి లేదు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ సమంగా అరగదీద్దామంటే సైజులు వేరు కాబట్టి అదీ లేదు. ఇంజను ముందు చక్రాలను తిప్పే బండిలో ముందు టైర్లు ఎలాగూ త్వరగా అరుగుతాయి, వెనకవి మాత్రం అరక్కుండానే ముసలివైపోతాయి. అసలు ప్రమాదం అక్కడుందని నాకు తెలిసేసరికి ఏడాదిన్నర దాటింది.

2021 నవంబరు. రాయచోటి నుంచి సాయంత్రం తిరిగొస్తున్నాం. ఆనవాయితీగా గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొని ఘాట్ దిగుతున్నాం. సన్నగా వాన. ముందు లారీ ఉంది, వేగం నలభై కూడా లేదు. కుడి వంపులో లారీ బ్రేకు లైట్లు వెలిగాయి, నేనూ బ్రేకు మీద కాలు పెట్టాను. ముక్కు చక్కగా తిరిగింది. వెనక భాగం మాత్రం తిరగలేదు, లోయ వైపు జరగడం నా నడుముకి తెలిసింది. మీటర్లో ఈఎస్‌పీ (బండి జారితే సర్దే ఏర్పాటు) పసుపు లైటు టపటపా కొట్టుకుంది, ఏదో ఒక చక్రానికి బ్రేకు దానంతటదే పడింది, బండి సర్దుకుంది. అంతా రెండు సెకన్లు. వెనక సీట్లో కోవా డబ్బా ఇటు తలుపు నుంచి అటు తలుపుకి జారి గుద్దుకుంది. మా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఇంటికొచ్చాక టార్చి వేసి వెనక టైరు పక్క గోడ మీది అంకెలు చూశాను. చివరి నాలుగు: 2316. అంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైనవి. ఐదేళ్లు కడప ఎండలో ఉడికిన రబ్బరు. గాట్లు లోతుగానే ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లూ బాగున్నాయనుకున్నా. గోరుతో నొక్కితే చెక్కను నొక్కినట్టు ఉంది. దిగుడులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకి పోతుంది, వెనక భాగం తేలికవుతుంది. ముందేమో మెత్తటి కొత్త వెడల్పు రబ్బరు, వెనకేమో ఎండిన సన్న రబ్బరు. ముందు పట్టు తప్పితే బండి వంపు తిరగకుండా నేరుగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనక పట్టు తప్పితే బండే తిరిగిపోతుంది, మనలాంటి మామూలు డ్రైవర్ల చేతికి చిక్కదు. తప్పు వెడల్పుదా, వయసుదా అంటే వయసుదే ఎక్కువని నా లెక్క. అయితే ముందొక్కటే బాగుచేసి ఆ తేడాని పెంచింది నేనే.

డిసెంబరులో వెనక కూడా 195/60 వేయించి, అలైన్‌మెంట్ చేయించాను. అప్పటి నుంచి నలభై ఐదు వేల కిలోమీటర్లు తిరిగాను. ఘాట్‌లో నాలుగు చక్రాలూ ఒకే మాట మీద ఉన్నాయి. ముందు వెనకలు మార్చుకోవడం కూడా కుదురుతోంది, పదివేలకోసారి చేయిస్తున్నా.

మైలేజీ గురించి అందరూ అడుగుతారు. హైవే మీద లీటరుకు 15.5 కిలోమీటర్లు ఇచ్చేది 14.8కి దిగినట్టు కనిపించింది. కానీ చక్రం రెండు శాతం పెద్దదైంది కాబట్టి మీటరు వంద కిలోమీటర్లను తొంభై ఎనిమిదిగా లెక్కేస్తుంది. అది కలిపితే 15.1. పోయింది అర కిలోమీటరు లోపే. స్పీడు కూడా అంతే, మీటరు చూపేదానికంటే అసలు వేగం ఎంత తక్కువుండేదో ఆ తేడా కాస్త తగ్గింది.

వాననీళ్ల సంగతి విడిగా చెప్పాలి. చెన్నూరు దగ్గర పెన్నా వంతెన దాటాక రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట ఎనభైలో పోతే స్టీరింగ్ ఒక్క క్షణం చేతిలో లేనట్టు తేలిపోయింది. 185తో అదే చోట అంత తేలిక ఎప్పుడూ అనిపించలేదు. టైరు వెడల్పయ్యేకొద్దీ కింది నీటిని పక్కకి తోయడం కష్టం. మా దగ్గర ఏడాదిలో పది నెలలు ఎండే కాబట్టి సర్దుకుపోతున్నా, వానలు ఎక్కువ పడే ఊరైతే 185లోనే మంచి రకం చూసుకునేవాణ్ణి. గాలి మాత్రం పెట్రోలు మూత లోపలి స్టిక్కర్‌లో ఉన్నట్టే, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టిస్తున్నా. మధ్యాహ్నం ఎండలో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయించుకుంటే మర్నాటికి తక్కువైపోతుంది.

ఇప్పుడు ముందువి మళ్లీ అరిగాయి. ఈసారీ 195/60లే, రెండే కొంటున్నా. కొత్తవి వెనక్కి వేయించి, వెనకవి ముందుకి తెప్పిస్తా.