షాట్‌గన్ బ్యారెల్ 28 ఇంచులా, 32 ఇంచులా? చోక్ (బ్యారెల్ మూతి బిగుతు) ఏది?

గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వచ్చినోళ్ళంతా అడిగేది ఇదే. బ్యారెల్ పొడుగుంటే గుళ్ళు జోరుగా పోతాయనుకుంటరు గానీ ఆ తేడా లెక్కల్లోకే రాదు, అసలు తేడా గన్ తిప్పేకాడ.

28: తేలిక, చటుక్కున తిరుగుతది, చటుక్కున ఆగిపోతది కూడా, అదే చిక్కు, ఎగిరే గురికి వెనకబడ్తం.
32: కదలడానికి జర బద్ధకం, కదిలినంక సాఫీగా పోతనే ఉంటది, కానీ బక్కోళ్ళకి రౌండ్లు పెరిగేకొద్దీ ఎడమ చెయ్యి గుంజుతది.

స్కీట్‌లో (గురి పళ్ళాలు రెండు పక్కల నుంచి అడ్డంగా ఎగిరే ఆట) క్లే, అంటే ఆ పళ్ళెం, 20 మీటర్ల అటూఇటూ, స్కీట్ చోక్ (బాగా వదులుది) చాలు. అక్కడ ఫుల్ (బాగా బిగుతు చోక్) పెడితే గుళ్ళన్నీ మూరెడు జాగాలోనే, తగిల్తే క్లే బూడిద, లేకపోతే సాఫ్ మిస్. ట్రాప్‌లో (క్లే మన ముందు నుంచి దూరంగా ఎగిరిపోయే ఆట) 30 మీటర్లు దాటినంక పగలాలె, అక్కడ మాడిఫైడ్ (నడిమి బిగుతు) లేదా ఫుల్.

మల్టీచోక్ గన్‌లో చోక్ ఐతే దాని కీతో విప్పి మార్చుకోవచ్చు, బ్యారెల్ అట్ల కాదు.

ట్రాప్ ఒక్కటే ఐతే 32, స్కీటే ఐతే 28, ఇంకా తేల్చుకోలేదంటే 30 ఇంచుల మల్టీచోక్ తీస్కోండి.