నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి: ఇచ్చే ముందు చూసుకోవలసినవి

తమిళనాడు ప్రభుత్వం సర్కారు బడులకి విరాళాల కోసం 2022 డిసెంబరులో మొదలుపెట్టిన ‘నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి’ (మన స్కూలు, మన ఊరి బడి) అనే ఈ వేదిక నిజంగా మంచిది. పూర్వ విద్యార్థులు, కాలనీ సంఘాలు, కంపెనీలు ఎవరైనా సర్కారు బడికి చెయ్యందించవచ్చు. చెన్నైలో టీ నగర్, కొరుక్కుపేట వైపు తెలుగు సంఘాలకి అక్కరకొచ్చే దారి.

అయితే ఆన్‌లైన్‌లో చూసి వెంటనే డబ్బు కట్టేయకండి. ముందు బడికెళ్లి హెడ్మాస్టరుతో, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీతో కూర్చోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఏ కుళాయి పనిచేయట్లేదో వాళ్లనడగాలి. బడి కార్పొరేషన్‌దైతే, కట్టడం పనులకి వాళ్ల ఇంజినీర్ల అనుమతి ముందే తీసుకోండి.

దాతలకి మొదట తోచేది ఆర్వో ప్లాంటు, అంటే నీళ్లలో ఉప్పు తీసేసే యంత్రం. తొందరగా మూలపడేదీ అదే. చెన్నైలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. మట్టి, ఇసుక ఆపే సెడిమెంట్ ఫిల్టరు వేళకి మార్చకపోతే, ఉప్పుని వడకట్టే మెంబ్రేన్ పొర పూడుకుపోయి, కుళాయిలోంచి నీళ్లు దారంలా వస్తాయి. ఒక్కో సీసా నిండేసరికి ఇంటర్వెల్ బెల్లు కొట్టేస్తారు. కొనే ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) కొలిపించండి. చెన్నై నీటి బోర్డు మెట్రోవాటర్ సరఫరా ఉండి, టీడీఎస్ తక్కువైతే క్రిముల్ని చంపే యూవీ ఫిల్టరే చాలు. మూడేళ్ల సర్వీసు కాంట్రాక్టు ఖర్చు విరాళంలోనే కలపాలి. ఆర్వో వదిలేసే ఉప్పు నీళ్లు మొక్కలకి వద్దు, మరుగుదొడ్ల ఫ్లష్ ట్యాంకుకి మళ్లించండి.

కొత్త మరుగుదొడ్ల కంటే ఉన్నవాటిని రోజూ కడిగే మనిషి జీతం ముఖ్యం. దానికి శిలాఫలకం ఉండదు గానీ, ఆడపిల్లలకి అంతకంటే పనికొచ్చే సాయం లేదు.