మార్స్ టికెట్ రివ్యూ: బండి బాగుంది, మిగతా సామానేదీ?

సేవ: భూమి నుంచి మార్స్‌కు మనిషి ప్రయాణం, రానూపోనూ. బండి: ఎలాన్ మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ వారి స్టార్‌షిప్ రాకెట్. ధర: 2016లో మెక్సికోలోని గ్వాడలహారాలో ఎలాన్ మస్క్ చెప్పిన లక్ష్యం తలకు 2 లక్షల డాలర్లు. 2019లో ఆ అంకె 5 లక్షల లోపు అయింది, ఎప్పటికైనా లక్షకు దిగొచ్చన్న ఆశ కూడా జోడించారు. పైగా రిటర్న్ టికెట్ ఉచితం. డెలివరీ: 2017లో చెప్పిన ప్రకారం మొదటి మనుషులు 2024లోనే బయల్దేరాలి. ఆ ఏడాది వచ్చింది, పోయింది. ఇప్పటిదాకా ఈ బండిలో ఎక్కి భూకక్ష్య దాకా వెళ్లిన మనిషి కూడా లేడు.

ఇంకా రోడ్డెక్కని సేవకు రివ్యూ ఏమిటంటారా? ఇందులోని చాలా భాగాలు విడివిడిగా ఇప్పటికే వాడకంలో ఉన్నాయి. మూత్రాన్ని మంచినీళ్లు చేసే యంత్రం 2008 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉంది. దారి పొడవునా రేడియేషన్ ఎంతో నాసా వారి క్యూరియాసిటీ రోవర్ (మార్స్ మీద తిరిగే రోబో) కొలుచుకుంటూ వెళ్లింది. మార్స్ గాలిలోంచి ఆక్సిజన్ తీసే పెట్టె అక్కడే పనిచేసి చూపించింది. డబ్బు పెట్టేవాడు చూడాల్సింది వీటి రికార్డు. రాకెట్ లేచే వీడియోలు ఎన్నిసార్లు చూసినా ఆ సంగతి తెలియదు.

ముందు మంచి చెప్పుకుందాం. రోబోలు వెళ్తున్నాయిగా, మనిషెందుకు అనేవాళ్లకు రెండు లెక్కలు. ఆపర్చునిటీ రోవర్ మార్స్ మీద 14 ఏళ్లలో 45 కిలోమీటర్లు తిరిగింది. 1972లో అపోలో 17 వ్యోమగాములిద్దరు చంద్రుడి మీద మూడు రోజుల్లో దాదాపు 36 కిలోమీటర్లు తిరిగి, 110 కిలోల రాళ్లూ మట్టీ ఏరుకొచ్చారు.

రెండోది మార్స్ మీద దిగి ఒకేచోట ఉండి పనిచేసిన నాసా రోబో ఇన్‌సైట్ ల్యాండర్ మేకు. నేల లోపలి వేడి కొలవడానికి జర్మన్లు చేసిచ్చిన 40 సెంటీమీటర్ల పరికరం అది. లోపలి సుత్తితో తనను తానే కొట్టుకుంటూ 5 మీటర్ల దాకా దిగాలి. 2019 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడి మట్టి ముద్దకట్టే రకం. మేకు చుట్టూ గుంత పడిందే తప్ప మట్టి జారి దాన్ని పట్టుకోలేదు. రాపిడి లేక మేకు ఉన్నచోటే ఎగిరెగిరి పడింది. రోబో చేతికున్న చిన్న పారతో పక్కనుంచి అదిమారు, పైనుంచి నొక్కారు. రెండేళ్ల తంటాలు పడ్డాక 2021 జనవరిలో వదిలేశారు. అప్పటికి మేకు తల నేల మట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల కిందికి దిగిందంతే. గునపం పట్టుకున్న మనిషి ఒకడుంటే పూటలో తేలిపోయే పని. మార్స్‌కు మనిషి వెళ్లాలనడానికి ఇంతకంటే గట్టి కారణం మాకు కనబడలేదు. మానవజాతికి రెండో ఇల్లు లాంటి మాటలు బ్రోచర్లకు వదిలేద్దాం.

ఇక టైమ్‌టేబుల్. భూమి, మార్స్ ప్రయాణానికి వీలైన స్థానాల్లోకి 26 నెలలకోసారి వస్తాయి. పోవడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, తిరుగు దారి తెరుచుకునే దాకా అక్కడే సుమారు 500 రోజులు, రావడానికి మళ్లీ అన్ని నెలలు. మొత్తం సుమారు రెండున్నరేళ్ల నుంచి మూడేళ్లు. ఒకసారి దారి పట్టాక బండిని వెనక్కి తిప్పేంత ఇంధనం ఉండదు. మీ మాట భూమికి చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు, జవాబుకు మళ్లీ అంత. అంతరిక్ష కేంద్రం ఉన్నది 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ ఏదైనా పాడైతే సరుకు నౌకలో విడిభాగం వస్తుంది. మరీ తప్పదంటే తలుపు పక్కనే కట్టేసి ఉన్న క్యాప్సూల్ ఎక్కి గంటల్లో భూమ్మీద పడొచ్చు. మార్స్ దారిలో ఈ రెండూ లేవు. ఇక్కణ్ణుంచి చెప్పే ప్రతి లోపాన్నీ ఈ ఒక్క విషయంతో కలిపి చదవండి.

నీళ్ల యంత్రం సంగతే చూడండి. 2008 నవంబరులో బిగించారు. మూత్రంలోని నీటిలో 85 శాతం తిరిగి రాబట్టాలన్నది డిజైన్. మరుసటి ఏడాదే స్వేదన భాగం (ఆవిరి చేసి నీటిని వేరుచేసేది) మొరాయించింది. లోపల కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, పేరుకుపోయింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? వ్యోమగాముల ఎముకల్లోంచి. బరువు తెలియని చోట తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పడిపోతుంది. ఆ కాల్షియంలో చాలా భాగం మూత్రంలోకే పోతుంది. మూత్రం పాడవకుండా కలిపే మందులో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండేది. రెండూ కలిసి యంత్రం గొంతులో గడ్డకట్టాయి. భూమ్మీద పరీక్షించినప్పుడు పోసింది భూమ్మీద తిరిగే మనుషుల మూత్రం కాబట్టి ఈ తంటా బయటపడలేదు. కొన్నేళ్లపాటు 75 శాతం లోపే రాబట్టుకుంటూ నెట్టుకొచ్చారు. తర్వాత సల్ఫ్యూరిక్ బదులు ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారారు. ఆ పైన మిగిలిన చిక్కటి ద్రవం నుంచి కూడా నీరు తీసే పరికరం చేర్చాక, 2023లో మొత్తం నీటి పునర్వినియోగం 98 శాతానికి చేరింది.

ఆ శాతాల విలువ ఎంతంటే: మనిషికి రోజుకు తాగడానికి, వంటకు, ఒళ్లు తుడుచుకోవడానికి కలిపి 3.8 లీటర్లు అనుకుంటే, నలుగురికి 900 రోజులకు 13,680 లీటర్లు. 98 శాతం తిరిగొస్తే అదనంగా మోయాల్సింది 275 లీటర్లలోపే. 85 దగ్గర ఆగిపోతే రెండు టన్నులు దాటుతుంది. దారి మధ్యలో యంత్రం ఆగిపోతే ఏమవుతుందో లెక్క వేయనక్కర్లేదు.

గాలి యంత్రానిదీ ఇదే కథ. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే జియోలైట్ అనే ఖనిజ గుళికలు అరిగి పొడవుతాయి, ఆ పొడి వాల్వుల్లో చేరి అవి పట్టేస్తాయి. అంతరిక్ష కేంద్రంలో విప్పి, దులిపి, కొత్తవి తెప్పించి బిగించారు. ఆ సమయంలో రష్యన్ల యంత్రం ఆదుకునేది. కాబట్టి టికెట్ అమ్మేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నలు ఇవి: ఏ వాల్వుకు స్పేర్లు ఎన్ని? విప్పి బిగించడం సిబ్బందిలో ఎందరికి వచ్చు? యంత్రం విప్పదీసి ఉన్నంతసేపు పీల్చే గాలి ఎక్కడిది? బయటినుంచి ఒక్క స్క్రూ కూడా అందకుండా మూడేళ్లు అంతరిక్షంలో నడిచిన గాలి-నీటి వ్యవస్థ ఇంతవరకూ లేదు. మా దృష్టిలో ఈ సేవలో అతి పెద్ద లోటు ఇదే, ప్రచారంలో అతి తక్కువగా వినబడేదీ ఇదే.

స్టార్‌షిప్‌లో వంద మందిని తీసుకెళ్తామన్న మాట ఒకటుంది. ప్యాకింగుతో కలిపి అంతరిక్ష భోజనం మనిషికి రోజుకు సుమారు 1.8 కిలోలు. వంద మందికి ఆరు నెలలు, పోవడానికి మాత్రమే, 32 టన్నులు. ఆ బండి మోస్తుందంటున్న వంద టన్నుల పైచిలుకులో మూడో వంతు అన్నానికే పోయిందన్నమాట. పైగా నిల్వ ఆహారంలో విటమిన్ సి, బీ1 ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. ఆవకాయ మూడేళ్లు నిలవొచ్చు గానీ ఆ మూడేళ్ల సి విటమిన్‌కు అది జవాబు కాదు.

రేడియేషన్ విషయంలో అంకెలు స్పష్టంగా ఉన్నాయి. క్యూరియాసిటీ లోపలి మీటరు దారిలో రోజుకు సగటున 1.8 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), మార్స్ నేల మీద సుమారు 0.65 చూపించింది. రాకపోకలకు 360 రోజులు, అక్కడ 500 రోజులు అనుకుంటే మొత్తం వెయ్యికి అటూఇటూ. నాసా తన వ్యోమగామికి ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టిన హద్దు 600. మన దేశంలో అణు కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఐదేళ్లకు 100. గోడలు మందంగా కడితే సరిపోదా అంటే, నక్షత్ర మండలాల నుంచి వచ్చే కిరణాల్లోని బరువైన కేంద్రకాలు అల్యూమినియం గోడను ఢీకొని మరిన్ని కణాలను పుట్టిస్తాయి. హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లు, పాలిథీన్ మేలు. సౌర తుపానుకు మాత్రం నీళ్ల ట్యాంకుల మధ్య చిన్న గది కట్టుకుని కొన్ని గంటలు దాక్కోవచ్చు. 1972 ఆగస్టులో అలాంటి పెద్ద తుపాను వచ్చింది. అపోలో 16 ఏప్రిల్‌లో వచ్చేసింది, అపోలో 17 డిసెంబరు నెలలో వెళ్లింది. అదృష్టం, అంతే.

వైద్యం: అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామి మెడ సిరలో రక్తం గడ్డకట్టినట్టు పరిశోధన కోసం చేసిన అల్ట్రాసౌండ్ స్కానింగులో బయటపడింది. అక్కడున్న రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు పొదుపుగా వాడుతూ, భూమి నుంచి మాత్రలు వచ్చేదాకా నెట్టుకొచ్చారు. మార్స్ దారిలో మాత్రలు రావు. డాక్టరుకే అపెండిసైటిస్ వస్తే? 1961లో అంటార్కిటికాలో సోవియట్ డాక్టరు లియొనిద్ రోగొజోవ్ తన కడుపు తానే కోసుకుని అపెండిక్స్ తీసేసుకున్నాడు. సిబ్బందిలో ఇద్దరికి శస్త్రచికిత్స రావాలన్నది మా షరతు.

మార్స్ మీద బరువు మనకున్న దానిలో 38 శాతం. ఏడాదిన్నర అంత బరువులో ఉంటే ఎముకలు నిలుస్తాయా, కరుగుతాయా అన్నది ఎవరూ కొలవలేదు. రష్యన్ వ్యోమగామి వలేరీ పొల్యాకొవ్ వాళ్ల మిర్ అంతరిక్ష కేంద్రంలో 437 రోజులుండి 1995లో దిగినప్పుడు క్యాప్సూల్ నుంచి కుర్చీ దాకా తనే నడిచి చూపించాడు. రోజూ రెండు గంటలకు పైగా వ్యాయామం మానకపోతే దిగగానే నిలబడగలరు. నిలబడాలి కూడా, ఎత్తుకుని దించడానికి అక్కడ ఎవరూ ఉండరు.

దిగడం గురించి క్లుప్తంగా. ఇప్పటిదాకా మార్స్ మీద దించిన అతి బరువైన వస్తువు పర్సీవరెన్స్ రోవర్, 1,025 కిలోలు. మనుషుల బండి అంటే పదుల టన్నులు. అక్కడి గాలి ఒత్తిడి మనదాంట్లో ఒక శాతం కూడా లేదు. బండిని కాల్చడానికి చాలు, ఆపడానికి చాలదు. అంత బరువుకు పారాచూట్ పనిచేయదు, ఇంజిన్ల మంటతోనే ఆపాలి. స్పేస్ఎక్స్ వారి ఫాల్కన్ రాకెట్ బూస్టర్లు (కింది భాగాలు) భూమి పై వాతావరణంలో ఇలాంటి పనే తరచూ చేస్తున్నాయి కాబట్టి ఇది సాధ్యమయ్యే పనే అనిపిస్తుంది. చదును చేయని నేల మీద 50 మీటర్ల ఎత్తు బండి ఒరగకుండా నిలబడటం, పై అంతస్తు నుంచి మనుషులు లిఫ్టులో దిగడం, ఆ లిఫ్టు దుమ్ముకు పట్టేయకపోవడం వేరే సంగతి. ఆ దుమ్ములో పెర్క్లోరేట్ లవణాలుంటాయి, థైరాయిడ్‌కు చేటు. సూటు లోపలికి తేకుండా బయటే వదిలేసే ఏర్పాటు కావాలి.

ఇక ఆ ఉచిత రిటర్న్ టికెట్. తిరుగు ఇంధనం అక్కడే తయారు చేసుకోవాలన్నది పథకం. మొదట్లో చెప్పిన ఆక్సిజన్ తీసే పెట్టె, పర్సీవరెన్స్‌లోని మాక్సీ, 2021 నుంచి 2023 వరకు 16 సార్లు నడిచి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చింది. ఒక మనిషికి మూడున్నర గంటలకు సరిపోతుంది. దాని గరిష్ఠ వేగం గంటకు 12 గ్రాములు. నలుగురిని మార్స్ నేల నుంచి లేపడానికి నాసా లెక్కలో ఇంధనాన్ని మండించడానికే 25 టన్నుల ఆక్సిజన్ కావాలి. ఈ పెట్టెతో 238 ఏళ్లు. పెట్టె మంచిదే, 98 శాతానికి పైగా శుద్ధమైన ఆక్సిజన్ ఇచ్చింది, చెప్పిన పని చెప్పినట్టు చేసింది. దాన్ని వందల రెట్లు పెంచి, ఆగకుండా నడిపే కరెంటు ఇచ్చి, తయారైంది చల్లగా ద్రవంగా నిల్వ చేసే ఫ్యాక్టరీ ముందుగా వెళ్లాలి. ట్యాంకు నిండిందని సిగ్నల్ వచ్చాకే మనుషులు బయల్దేరాలి. సోలార్ పలకల మీదే ఆధారపడతామంటే 2018 జూన్‌లో దుమ్ము తుపాను కమ్మి ఆపర్చునిటీ మూగబోయిన సంగతి గుర్తు చేయండి.

తిరుగు ప్రయాణమే లేకుండా అమ్మిన దుకాణం కూడా ఒకటుండేది, నెదర్లాండ్స్‌లో మొదలైన మార్స్ వన్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాకెట్టూ ఇల్లూ లేకుండానే ఫీజు కట్టించుకుని దరఖాస్తులు తీసుకున్నారు. మన దేశం నుంచీ చాలామంది పెట్టుకున్నారు. 2014లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాళ్ల ప్లాను లెక్కగడితే, ఉండే చోటే పంటలు పండిస్తే ఆక్సిజన్ మితిమీరి, అగ్గి భయంతో గాలి బయటికి వదలాల్సొచ్చి, నైట్రోజన్ ఖాళీ అయి, 68 రోజులకు మొదటి ప్రాణం పోతుందని తేలింది. కంపెనీ 2019 జనవరిలో దివాలా తీసింది.

ఇప్పుడే రుచి చూడాలనుకుంటే భూమ్మీదే ట్రయల్ వెర్షన్లున్నాయి. హ్యూస్టన్‌లో నాసా నడిపే ఛాపియా అనే ఉత్తుత్తి మార్స్ నివాసం మొదటి విడతలో నలుగురు 1,700 చదరపు అడుగుల త్రీడీ ప్రింటెడ్ ఇంట్లో 2023 జూన్ నుంచి 378 రోజులున్నారు. 30 నుంచి 55 ఏళ్లలోపు, పొగతాగని, సైన్సు లేదా ఇంజినీరింగు పీజీ ఉన్న అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారులు దరఖాస్తు చేయొచ్చని రెండో విడతకు 2024లో ఇచ్చిన ప్రకటనలో ఉండేది. డాలస్, హ్యూస్టన్‌లలోని మనవాళ్లలో ఈ అర్హతలున్నవాళ్లు తక్కువేం కాదు. అంతకాలం కుదరదంటే యూటా ఎడారిలో మార్స్ సొసైటీ నడిపే కేంద్రం ఉంది, అక్కడ బ్యాచ్‌లు సాధారణంగా రెండు వారాలు. మన దగ్గర లద్దాఖ్‌లోని సో కార్ లోయలో ఇస్రో 2025లో ఇలాంటి ప్రయోగం మొదలుపెట్టింది. మాస్కోలో 520 రోజులు నడిచిన మార్స్-500 అనే ఉత్తుత్తి మార్స్ ప్రయాణంలో తలెత్తిన పెద్ద సమస్య నిద్ర: ఆరుగురిలో ఒకరి రోజు 25 గంటలకు జరిగిపోయి, మిగతావాళ్లు మేలుకున్నప్పుడు అతను పడుకునేవాడు. దరఖాస్తు నింపే ముందు మీ నిద్ర ఎలాంటిదో చూసుకోండి, ఇంటర్వ్యూలో అడగకపోయినా సరే.