పాత హార్మోనియమా, కొత్తదా?

పద్యనాటకాలు ఆడిన మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో అటక మీదో పాత సామాన్ల కొట్లోనో పాత హార్మోనియం పెట్టె తగులుతూనే ఉంటాది, మరి అది కొనాలా, కొత్తది తీసుకోవాలా అంటే నా ఓటు జర్మన్ రీడ్లున్న (గాలికి కదిలి నాదమిచ్చే ఇత్తడి రేకులు) పాతదానికే. పద్యం చివర రాగం తీస్తుంటే ఆ నాదం గొంతుతో కలిసిపోతాది, కొత్తవాటిలో నాకది దొరకలేదు.

కానీ జర్మన్ రీడ్లు అని అమ్మేవాళ్లు చెప్పగానే నమ్మేయకండి, పై చెక్క తీయించి రీడు ప్లేటు మీద ముద్ర చూడండి. తర్వాత ముందున్న స్టాపర్లన్నీ (రీడ్లకి గాలి వదిలే పిడులు) మూసి, తిత్తి నిండా గాలి కొట్టి, ఏ మెట్టూ నొక్కకుండా వదలండి, బేగి కూలిపోతే ఎక్కడో గాలి పోతున్నట్టే. శ్రుతి కూడా ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూడాలి, పాతవి చాలావరకు ఇప్పటి ప్రామాణిక శ్రుతి 440 హెర్ట్జ్‌లో ఉండవు. రీడు కొన దగ్గర గీరితే శ్రుతి పెరుగుతాది, మొదలు దగ్గర గీరితే తగ్గుతాది, కానీ లోహం ఎక్కువ పోతే రీడు పాడైపోతాది కాబట్టి చెయ్యి తిరిగినోళ్లకే ఇవ్వండి.

కొత్తవాటిలో చాలావరకు గుజరాత్‌లోని పాలిటానా ఊళ్లో చేసిన రీడ్లు. శ్రుతి గొడవ తక్కువ, కీబోర్డుతో కలిపి వాయించొచ్చు, నేర్చుకునే పిల్లలకైతే ఇదే మేలు. మెట్లు జరిపి శ్రుతి మార్చుకునే స్కేల్ చేంజర్ మోడల్ మాత్రం బరువెక్కువ, రిపేర్ కూడా కష్టం.

ఏది కొన్నా, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇత్తడి రీడ్లకి చిలుము పడతాది, వాయించాక మూతేసి బట్ట కప్పండి.